గీత దాకా

మా ఆస్పత్రిలో నాకు తిరుగుటపా అని పేరు. పెట్టింది పై అంతస్తుల నర్సులు. రక్తం పట్టే ట్యూబు మీద సన్నగా ఒక గీత ఉంటుంది. రక్తం ఆ గీత దాకా వస్తే సరే. వెంట్రుకవాసి తక్కువైనా ఆ ట్యూబు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పంపేది నేను. ఒకసారి సూపరింటెండెంటుగారి మామగారి ట్యూబునే తిప్పి పంపాను. ఆ ముచ్చట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే తెలియదు. చెప్పినప్పుడల్లా మా చెల్లెలు కుట్టుమిషను ఆపి మరీ నవ్వేది.

ఊరికే పంపేదాన్ని కాదు. ఊదా మూత ట్యూబు అడుగున రక్తం గడ్డకట్టకుండా ఒక మందు ఉంటుంది. రక్తం తక్కువైతే మందు పాలు ఎక్కువై లెక్క తప్పుతుంది. తప్పు లెక్క చూసి డాక్టరు తప్పు వైద్యం చేస్తే ఆ పాపం ల్యాబుది. అందుకని ఆరేళ్ల కిందట నేనే ఒక అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి, ట్యూబులు అందుకునే కిటికీ పక్కన అంటించాను. "గీతకు తక్కువ ఉన్న ట్యూబులు తీసుకోబడవు. వాదించవద్దు." ఆ రెండో వాక్యం ఎవరూ రాయమనలేదు, నా సొంత కవిత్వం. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ అట్టకు ఫోటో తీసుకున్నారు. మా ల్యాబు పెద్దసారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆరేళ్లు ఆ మెప్పు మీదే బతికాను. ఆ వేసవి వచ్చేదాకా అంతే.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, చెల్లెలు, దాని మొగుడు మా మరిది. వేసవి వస్తే మరిదికి ఊపిరాడదు, నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. చెల్లెలికీ ఊపిరాడదు, బడులు తెరిచేలోగా యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. ఏడో నెల కడుపుతో మిషను తొక్కొద్దని ఇద్దరం మొత్తుకున్నాం. కూర్చుని చేసే పనేగా అనేది. నీలం గుడ్డ ముక్కల మధ్య ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మరిది ట్యాంకరులో సగం నీళ్లు అలాగే ఉంచుకుని, ఆ బండిలోనే ఆస్పత్రికి తీసుకొచ్చాడు. చీకటి పడేలోగా ఆడపిల్ల పుట్టింది. రెండు నెలలు ముందే వచ్చేసింది. కిలో రెండు వందల గ్రాములు.

పుట్టగానే మూడో అంతస్తులో పసికందుల వార్డుకు తీసుకుపోయి గాజు పెట్టెలో పెట్టారు. తల్లినీ తండ్రినీ తప్ప ఎవరినీ లోపలికి రానివ్వరు. నేను ఆస్పత్రి మనిషినని చెప్పినా వినలేదు. రూలంటే రూలే, ఇలాగే ఉండాలి అనుకుని బయట నిలబడ్డాను. కోపం రాలేదు సరికదా, మా ఆస్పత్రి ఎంత పద్ధతిగా నడుస్తోందో అని కాస్త గర్వపడ్డాను కూడా.

మా ల్యాబు నేలమాళిగలో ఉంటుంది. కిటికీలకు బదులు ట్యూబులైట్లు. పొద్దున ఏడింటికి వార్డు ఆయా స్టీలు ట్రేలో ట్యూబులు తెస్తుంది. పసికందుల వార్డు నుంచి రోజూ పన్నెండు, పదమూడు జతలు. ఒక్కో బిడ్డకు రెండు ట్యూబులు. ఊదా మూతది రెండు మిల్లీలీటర్లు, పసుపు మూతది మూడు. ట్యూబు మీద పేరు ఉండదు, స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు మీది గీతల్ని మిషను చదువుతుంది, గాజు మీది గీతను నేను చదువుతాను. అంతే మా ఇద్దరి చదువు.

తక్కువగా వచ్చేవి చాలావరకు ఆ వార్డు ట్యూబులే. రోజూ రెండో మూడో తిప్పి పంపేదాన్ని. అలా పంపిన ట్యూబులోని రక్తాన్ని పారబోస్తారు. బిడ్డను మళ్లీ గుచ్చి, మళ్లీ నింపుతారు. పైనుంచి సిస్టరు ఫోనులో బతిమాలుతుంది, నరం దొరకలేదు, బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది, ఈ ఒక్కసారికి కానిచ్చేయమని. నేను చెప్పే జవాబు ఆరేళ్లుగా ఒకటే. "గీత కనపడటం లేదా సిస్టర్?"

పదకొండో రోజు మరిదికి ట్యాంకరు వదిలి రావడం కుదరలేదు. ఎండలు ముదిరి వీధి వీధికీ నీళ్లు తోలాల్సి వస్తోంది. చెల్లెలు ఒక్కతే మెట్లెక్కలేదని చెప్పి, తోడుగా నన్ను లోపలికి పంపమని అడిగితే ఆ రోజుకు ఒప్పుకున్నారు. చేతులు కడిగించి, గౌను తొడిగించి, మూతికి గుడ్డ కట్టించి గాజు పెట్టె దగ్గర నిలబెట్టారు.

పిల్లను అప్పుడే నేను మొదటిసారి దగ్గరగా చూడటం. మా చెల్లెలి టేపుతో కొలిస్తే కాలు నాలుగంగుళాలు ఉంటుందేమో. రెండు మడమలకూ ప్లాస్టర్లు, రెండు చేతుల వెనకా ప్లాస్టర్లు. ఒంటి మీద బట్ట కన్నా ప్లాస్టరే ఎక్కువ. పుట్టిన రోజు ఎర్రగా ఉందని మరిది చెప్పాడు. ఇప్పుడు ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా ఉంది. చెల్లెలు పెట్టె కన్నంలోంచి చెయ్యి పెట్టి వేలు అందిస్తే, పట్టుకోవడానికి కూడా ఓపిక లేనట్టు పిల్ల చెయ్యి తెరిచే ఉంచింది.

వార్డు పెద్ద సిస్టరు వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆవిడ గొంతు నాకు ఆరేళ్లుగా తెలుసు, మొహం ఎప్పుడూ చూడలేదు. ఆవిడకూ నా గొంతే తెలుసు. ఇన్ని ప్లాస్టర్లేమిటి సిస్టర్ అని చెల్లెలు అడిగింది.

"ఏం చెప్పమంటావమ్మా. ఇవాళ రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. మొన్నా అంతే. రెండు చుక్కలు తక్కువైతే కింద ల్యాబులో ఒకావిడ ఒప్పుకోదు. తిరుగుటపా అంటాం మేము. ఆవిడకి గీత కనపడుతుంది గానీ పిల్ల కనపడదు."

నేను నోరు విప్పలేదు. విప్పితే గొంతు గుర్తుపడుతుంది. చెల్లెలు గాజు పెట్టెలోంచి చెయ్యి తియ్యకుండానే తల తిప్పి నా వైపు చూసింది. మూతికి కట్టిన గుడ్డ మీద కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. సూపరింటెండెంటుగారి మామగారి కథ విని నవ్వే కళ్లే అవి. కాసేపటికి మళ్లీ పిల్ల వైపు తిరిగి, ఇవాళ పాలు ఎన్ని మిల్లీలు తాగింది సిస్టర్ అని అడిగింది.

ఆ రోజు పొద్దున నేను తిప్పి పంపిన ట్యూబు ఒక్కటే.

మర్నాటికి పిల్ల పాలు పీల్చడం మానేసింది. మధ్యమధ్య ఊపిరి తియ్యడం మరిచిపోతోందని, పాదం మీద తట్టి గుర్తుచేస్తున్నామని చెప్పారు. రక్తం ఎక్కించాలన్నారు. బ్లడ్ బ్యాంకులో వాడినదానికి బదులుగా ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇవ్వాలంటే నేను వెళ్లాను. మంచం మీద పడుకోబెట్టి ఒక సంచీడు తీసుకున్నారు. మూడు వందల యాభై మిల్లీలీటర్లు. లేచేటప్పుడు బిస్కెట్లు పెట్టి, పళ్లరసం తాగించి, చేతికి ఒక కార్డు ఇచ్చారు. మూడు నెలల వరకు మళ్లీ రక్తం ఇవ్వరాదు అని ఉంది దాని మీద. ఒంట్లో ఇనుము మళ్లీ కూడుకోవాలి కదండీ అని అక్కడి కుర్రది ప్రేమగా చెప్పింది.

ఆ కార్డు చేత్తో పట్టుకుని వరండా బల్ల మీద కూర్చున్నాను. అప్పటిదాకా చెయ్యని లెక్క అప్పుడు చేశాను. మా పిల్లంత బిడ్డ ఒంట్లో ఉండే రక్తం నూటపది మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసుడు. రోజుకు ఐదు చొప్పున పదకొండు రోజులు. నేను తిప్పి పంపినవి వేరే. మొత్తం అరవై దాటింది. నాలాంటి మనిషి ఒంటికి సరిపోల్చి చూస్తే పదకొండు రోజుల్లో ఏడెనిమిది సంచులు. నాకు ఒక్క సంచీకి బిస్కెట్లు, పళ్లరసం, మూడు నెలల విశ్రాంతి. దానికి ఎనిమిది సంచులకు ప్లాస్టర్లు.

పోనీ తీసిందంతా మిషను తాగుతుందా అంటే అదీ కాదు. మిషను సూది పీల్చేది మూడు నాలుగు చుక్కలు. మిగిలింది సాయంత్రం దాకా ర్యాకులో ఉంటుంది, తర్వాత ఎర్ర బకెట్టులోకి పోతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ బకెట్టులోకి రోజూ వేసేది నేనే. ఇరవై ఏళ్ల అనుభవం, తనిఖీవాళ్ల మెప్పు, గుండ్రటి అక్షరాలు, అన్నీ ఉన్నాయి నాకు. ఈ లెక్క ఒక్కటీ తట్టలేదు. అక్కడే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నేనెవరో దాచలేదు. ఆవిడ ముందు నన్ను కూర్చోమన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు.

"ఆఖరి రెండు మూడు నెలల్లో తల్లి బిడ్డకు దారిబత్తెం కడుతుందండీ. ఆ మూటలో ముఖ్యమైనది ఇనుము. నెలలు నిండి పుట్టిన బిడ్డ దాంతో ఐదారు నెలలు నెట్టుకొస్తుంది. మీ పిల్ల మూట కట్టకముందే బయల్దేరింది. ఉన్న కాసింత కూడా రక్తంలోనే ఉంది. ఆ రక్తాన్ని మనం రోజూ తోడేశాం."

ఇనుము తక్కువైతే ఏమవుతుందని అడిగాను. పాలిపోవడం, ఆయాసం పైకి కనపడేవని, కనపడనిది బుర్ర ఎదుగుదల అని, అక్కడ పడ్డ లోటు తర్వాత ఎంత పోసినా పూడుతుందో లేదో చెప్పలేమని అన్నారు. అందుకే ముందే కాపాడుకోవాలట.

ఇంత తెలిసిన మీరు రోజూ అన్ని పరీక్షలు ఎందుకు రాస్తున్నారు డాక్టర్ అని నేను గట్టిగానే అడిగాను. ఆవిడ టేబులు మీది కాగితం ఒకటి నా వైపు తిప్పారు. పరీక్షల పేర్లన్నీ ముందే అచ్చువేసి, గుర్తులు కూడా ముందే పెట్టి ఉన్నాయి. సిస్టర్లు పెట్టె నంబరు రాసి పంపిస్తారు, అంతే. తను ఈ ఆస్పత్రికి రాకముందే అచ్చయిన కాగితమని, రోజూ చూస్తూ కూడా ఎప్పుడూ చూడలేదని ఆవిడ ఒప్పుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టుంది మా వ్యవహారం.

"కానీ ఒక్కటి అడిగాం" అన్నారు ఆవిడ. "మూడేళ్ల కిందట బుల్లి ట్యూబులు తెప్పించాం. వాటికి గీత అర మిల్లీ దగ్గరే ఉంటుంది. అర మిల్లీతో లెక్క సరిగ్గానే వస్తుంది. మీ ల్యాబు తిప్పి పంపింది."

నాకు గుర్తొచ్చింది. నా చేత్తో రాసిన చీటీ కూడా గుర్తొచ్చింది. మా ర్యాకు కన్నాలు పెద్ద ట్యూబులకు చేసినవి. బుల్లి ట్యూబులు వాటిలోంచి జారి కింద పడేవి. నేను ఒక్క పూట చూసి, "ర్యాకులో నిలబడటం లేదు" అని రాసి రెండు పెట్టెలూ స్టోరుకు పంపేశాను. ర్యాకులో నిలబడని ట్యూబుల గురించి మూడేళ్ల కిందట రాశాను. పెట్టెల్లో నిలబడలేని బిడ్డల గురించి ఎవరూ రాయలేదు.

స్టోరు గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను. పాత కుర్చీల వెనక ఆ రెండు పెట్టెలూ నేను పంపినవి పంపినట్టే ఉన్నాయి. ఇంకో రెండు నెలల్లో గడువు దాటిపోతుందని, దాటగానే పారేద్దామని కాచుకుని ఉన్నానని ఆయన నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు. ఇప్పుడే ఇవ్వమంటే పెద్దసారు సంతకం కావాలన్నాడు.

పెద్దసారు గదిలో ఏసీ చల్లగా ఉంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆ ఓపికే నాకు ఒళ్లు మండించింది. బుల్లి ట్యూబుల్ని ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని మిషను సూది కింద పెట్టాలని, ఒక్కోదానికి నిమిషం పడుతుందని, పదింటికల్లా రిపోర్టులు పైకి వెళ్లాలన్న నియమం ఏమవుతుందని అడిగారు. గంట ముందే వస్తానన్నాను. మీరొస్తారు, మీరు సెలవు పెట్టిన రోజు ఎవరొస్తారన్నారు. ఆ తర్వాత నవ్వారు.

"అయినా రూలు రాసింది మీరే కదమ్మా. మీ ఇంటి బిడ్డ కాబట్టి మీకు బాధగా ఉంటుంది, నేను కాదనను. ఒక్క బిడ్డ కోసం పద్ధతి మార్చుకుంటామా?"

"ఒక్క బిడ్డ కాదు సార్, పైన పదమూడు మంది ఉన్నారు. మీ ముందు టీ గ్లాసు ఉంది చూడండి. మా పిల్ల ఒంట్లో రక్తమంతా కలిపితే అంత. పదకొండు రోజుల్లో సగం పైన తోడి బకెట్టులో పోశాం. పోసింది నేను. పోయించింది మీరు."

ఆయన గ్లాసును పక్కకు జరిపారు. సంతకం మాత్రం పెట్టలేదు. కావాలంటే వచ్చే ఏడాది కొత్త ర్యాకులకు రాద్దామన్నారు. వచ్చే ఏడాదికి మా పిల్ల పెట్టెలో ఉండదు. ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఆ మాట తలుచుకోవడానికే నాకు భయమేసింది.

సంతకం లేకుండా ఇవ్వనని గుమాస్తా మళ్లీ చెప్పాడు. చెప్పి, కాసేపు చెవి గోక్కుని, గడువు దగ్గరపడ్డ సరుకును పారేసే గదిలోకి ముందుగా చేర్చడం తన పనేనని, ఆ గది మీ ల్యాబు పక్కనే కదా అని, దానికి తాళం లేదని గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఆయన కూడా ఇద్దరు పిల్లల తండ్రట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నమే పై వార్డుకు ఫోను చేశాను. పెద్ద సిస్టరే ఎత్తింది.

"సిస్టర్, నేను తిరుగుటపాని. రేపటి నుంచి బుల్లి ట్యూబులు పంపుతాను. అర మిల్లీ చాలు."

ఆవిడ, "ఏం, నీకు గీత కనపడటం లేదా?" అంది.

పడ్డాను. పడాల్సిన మాటే. డాక్టరమ్మ అప్పటికే చెప్పినట్టుంది, ఆవిడ వెంటనే గొంతు తగ్గించి, పదమూడు మందికీనా, మీ పిల్ల ఒక్కదానికేనా అని అడిగింది. పదమూడు మందికీ అన్నాను. సరే అయితే ఆయాను పంపుతున్నానని పెట్టేసింది.

మర్నాటి నుంచి ఆరింటికే ల్యాబులో ఉండేదాన్ని. బుల్లి ట్యూబును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, సూది అడుగుకు తగలకుండా, పైన గాలి పీల్చకుండా నిలబెట్టాలి. మొదటి రోజు చెయ్యి వణికి రెండు రిపోర్టులు రాలేదు. ఆ ఇద్దరినీ మళ్లీ గుచ్చమనడానికి మొహం చెల్లక, డాక్టరమ్మకు చెప్పేశాను. ఇవాళ్టికి ఆ పరీక్ష లేకపోయినా పర్వాలేదన్నారు ఆవిడ. అంటే నిన్నటిదాకా కూడా లేకపోయినా పర్వాలేదన్నమాటే. వారం తిరక్కుండా ఆవిడ ఆ అచ్చుకాగితాన్ని చించేసి, ఏ బిడ్డకు ఏది అవసరమో ఆరోజుకారోజు చేత్తో రాయడం మొదలుపెట్టారు. ట్రేలో జతలు పదమూడు నుంచి ఐదుకు పడిపోయాయి. బిడ్డలకేమీ కాలేదు. ఇన్నేళ్లూ మిగతా ఎనిమిది జతలూ ఎవరి కోసం తీశామో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కిటికీ పక్కన అట్టను నేనే పీకేశాను. మూడు రోజులు రిపోర్టులు పదిన్నరకు వెళ్లాయి. నాలుగో రోజు నాకు మెమో వచ్చింది. నిర్దేశించిన పద్ధతిని ఉల్లంఘించాననీ, స్టోరు సరుకును అనుమతి లేకుండా వాడాననీ, నోటీసును తొలగించాననీ. ఆ నోటీసు నా అట్ట, నా అక్షరాలు, నా కవిత్వం. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని చెప్పేవాణ్ని నమ్ముతారు గానీ, బిడ్డల రక్తం కోసమంటే నమ్మరు. సంజాయిషీలో టీ గ్లాసు లెక్కంతా రాసి ఇచ్చాను. జవాబుగా నన్ను బయటి రోగుల దగ్గర రక్తం తీసే గదికి మార్చారు. అప్పటికి నా చేతి కింద పనిచేసే అమ్మాయికి బుల్లి ట్యూబు పట్టుకోవడం నేర్పేశాను. నాకన్నా బాగా పట్టుకుంటుంది, చెయ్యి వణకదు.

ఇంట్లో సంగతి వేరు. చెల్లెలు నాతో పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. మంచినీళ్లు కావాలన్నా మొగుడి చేత అడిగించేది. ఆ మహానుభావుడు మా ఇద్దరి మధ్యా మాటలు మోయలేక అల్లాడిపోయాడు. "వదినా, నాకు ట్యాంకరు మోత చాలు, ఈ మోత కూడానా" అని ఒకరోజు నా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. కుట్టని యూనిఫారాలు ఇంటి నిండా ఉన్నాయి. నాకు గుండీలు కుట్టడం తప్ప ఏదీ రాదు. వచ్చిన ఆ ఒక్కటీ రోజూ చేసేదాన్ని. పొద్దున లేచేసరికి నేను గుండీలు కుట్టిన చొక్కాల్ని చెల్లెలు మడతపెట్టి ఉంచేది, మాట మాత్రం ఉండేది కాదు.

రక్తం ఎక్కించాక పిల్ల నెమ్మదిగా తేరుకుంది. వేలు పట్టుకుంది. పాలు పీల్చింది. కొన్ని వారాలకు పాలు బాగా తాగుతున్నాక డాక్టరమ్మ ఐరన్ చుక్కలు మొదలుపెట్టారు. బడులు తెరిచిన వారం, కిలో తొమ్మిది వందల గ్రాముల పిల్లను ఇంటికి పంపారు.

ఆ రోజే కింద లాబీలో కొత్త బోర్డు చూశాను. ఈసారి అట్ట కాదు, రంగుల్లో అచ్చేసిన పెద్ద బోర్డు. "పసికందుల కోసం బుల్లి ట్యూబులు. మా ల్యాబు ముందడుగు." పక్కన పెద్దసారు పూలగుత్తి పట్టుకుని నవ్వుతున్న ఫోటో. ఆయన ఎదురుగా కొత్త సరుకు పెట్టెలు, చిన్న కన్నాల కొత్త ర్యాకులు. వచ్చే ఏడాది రాద్దామన్న ర్యాకులు రెండు నెలలకే వచ్చాయి, డాక్టరమ్మ ఈ సంగతంతా రాసి పంపిన కాగితం చూసి ఎవరో పైవాళ్లు మెచ్చుకున్నారట. నా మెమో మాత్రం నా ఫైల్లోనే ఉంది. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. పిల్ల చంకలో ఉంది కాబట్టి ఏమీ అనకుండా దాటిపోయాను. ర్యాకులు వచ్చాయి కదా, వాటి పక్కన ఎవరు నవ్వితే నాకేం అనుకోవడానికి చాలా రోజులు పట్టింది. పూర్తిగా అనుకోలేదు కూడా.

ఇంటికొచ్చిన మూడో రోజు పిల్ల నల్లగా దొడ్డికి వెళ్లింది. ఆ ఐరన్ చుక్కలు పడితే అలాగే అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. చెప్పినప్పుడు మరిది లేడు. అతను ఆ గుడ్డను కవరులో పెట్టుకుని, నీళ్ల కోసం బిందెలతో ఎదురుచూసే వీధిని వదిలేసి, ట్యాంకరుతో సహా ఆస్పత్రికి వెళ్లాడు. పెద్ద సిస్టరు నవ్వి నవ్వి వెనక్కి పంపిందట. ఆ కథ అతను వచ్చి చెబుతుంటే చెల్లెలు కుట్టుమిషను ఆపి నవ్వింది. రెండు నెలల తర్వాత మా ఇంట్లో ఆ నవ్వు వినపడింది. నేను వంటగదిలోంచి బయటికి రాలేదు, వస్తే ఆగిపోతుందని.

సాయంత్రం చుక్కలు వేసే వేళకు చెల్లెలు నన్ను పిలిచింది. పిల్ల దాని ఒడిలో మేలుకుని ఉంది. సీసా, డ్రాపరు కిటికీ గట్టు మీద ఉన్నాయి. ఎక్కువైనా ప్రమాదమేనని డాక్టరమ్మ డ్రాపరు మీద పెన్నుతో సన్నగా ఒక గీత గీసి ఇచ్చారు. అంతవరకూ, రోజూ, ఏడాది నిండేదాకా.

"ఇక నుంచి నువ్వే వెయ్యి" అంది చెల్లెలు. "తీసింది నువ్వేగా. పెట్టేదీ నువ్వే."

"నాకప్పుడు తెలియకనే..."

"వాదించొద్దు."

వాదించలేదు. సీసా మూత తీసి డ్రాపరు నింపి, వెలుతురులోకి ఎత్తి చూశాను. గీతకు వెంట్రుకవాసి తక్కువుంది. ఎవరూ చెప్పకుండానే మళ్లీ నింపాను.